కొట్టు సాయిబుగారి పద్దు పుస్తకం

మా మసీదు మెట్లు దిగి రోడ్డు దాటితే ఎదురుగా ఒక పచారీ కొట్టు ఉంది. ముప్ఫై నాలుగేళ్ళపాటు ఆ కొట్టు గల్లాపెట్టె వెనుక కూర్చున్న మనిషి గత శీతాకాలంలో ఒక గురువారం రాత్రి ఇషా నమాజు ముగించుకొని, బల్ల మీది వారితో రెండు మాటలు మాట్లాడి, తలుపులు వేసి ఇంటికి వెళ్ళారు. ఫజర్ వేళకు వారి చిన్న కుమారుడు వచ్చి మా గది తలుపు తట్టాడు. జుమా తర్వాత జనాజా నమాజు జరిగింది. పల్నాడులోని మా చిన్న పట్టణంలో అంతటి జనం ఏ జనాజాకూ రాగా మేము చూడలేదు. మసీదు ఆవరణ చాలక వరుసలు రోడ్డు మీదికి వచ్చాయి. రోడ్డుకు అవతల హిందూ సోదరులు, చుట్టుపక్కల గ్రామాల రైతులు, కూలికి వెళ్ళే స్త్రీలు ఆ కొట్టు అరుగు మీదనే నిలబడి ఉన్నారు.

ఆయన పేరు ఇక్కడ వ్రాయటం లేదు. ఈ మాటలలో అప్పుల ప్రస్తావన ఉంది, ఆ ఇంటి ఆడవారి ప్రస్తావన ఉంది. పేరు వ్రాయకపోయినా మా ఊరివారు పోల్చుకుంటారు, పొరుగూరివారికి పేరుతో అవసరం లేదు. రైతులు ఆయనను కొట్టు సాయిబుగారు అని పిలిచేవారు. మసీదులో అందరూ భాయీ అనేవారు. మేమూ అట్లాగే పిలిచాము.

ఈ శీర్షికలో సాధారణంగా మేము ఒక ఆయతునో, ఒక హదీసునో తీసుకొని వివరిస్తూ ఉంటాము. ఈ నెల అదే పని చేయవలసి ఉండగా కలం ఆ కొట్టు వైపే మళ్ళింది. పాఠకులు మన్నించాలి.

భాయీకి మనుషులంటే ఇష్టం. ఇంతకన్న వేరే విధంగా చెప్పటం మాకు చేతకాదు. కొట్టు ముందు వేపకర్ర బల్ల ఒకటి వేయించారు. సరుకు కొన్నా కొనకపోయినా దాని మీద ఎవరైనా కూర్చోవచ్చు. బస్సు తప్పిపోయిన వారు, ఆసుపత్రికి వచ్చి చీటీ కోసం ఎదురుచూసే వారు, కోడలితో మాట పడి ఇల్లు విడిచి వచ్చిన ముసలివారు, అందరూ అక్కడే కూర్చునేవారు. రైతు వస్తే "ఏం బావా, మొక్క నాటారా?" అని అడిగేవారు. ఏ ఇంట ఆడపిల్ల పురిటికి వచ్చిందో, ఏ ఇంట పిల్లవాడికి పరీక్ష పోయిందో ఆయనకు తెలుసు. పురిటి ఇంటికి శొంఠి, బెల్లం అడగకుండానే వెళ్ళేవి. చీటీ పట్టుకొని వచ్చిన పిల్లవాడు ఏదో ఒకటి నోట్లో వేసుకోకుండా తిరిగి వెళ్ళటం మేము చూడలేదు. సంక్రాంతికి ముందు అరిసెల బెల్లం మంచిది ఏరి ప్రత్యేకంగా దింపించేవారు, రంజాన్‌కు ముందు ఖర్జూరం కూడా అట్లాగే. బస్తాలో అడుగున ముక్కవాసన వచ్చిన కందిపప్పు ఉంటే దానిని పైకి తీసి పెట్టి, "ఇది పాతది, ధర తక్కువ, ఇష్టమైతేనే తీసుకోండి" అనేవారు. మదీనా బజారులో దైవప్రవక్త (స) ధాన్యపు కుప్పలో చేయి పెట్టి, లోపలి తడిని చూచి, ప్రజలకు కనబడేటట్లు దానిని పైన ఎందుకు ఉంచలేదని వ్యాపారిని నిలదీసిన సంఘటన ఆయన మా జుమా ప్రసంగంలో ఒకసారి విన్నారు. ఆ మరునాటి నుండి కొట్టులో పాత పప్పు పైకి వచ్చింది. మేము ఎన్నో ప్రసంగాలు చేశాము. మరుసటి రోజుకే ఫలితం కనబడిన ప్రసంగం బహుశా అది ఒక్కటే.

ఆయనతో మాకు పేచీ లేకపోలేదు. ఇఖామత్ వినబడుతున్నా కాటాలో సగం తూచిన చింతపండు, ఎదుట సగం చెప్పిన కబురు ఉండేవి. మొదటి రకాతు ఆయనకు తరచుగా తప్పేది. మేము సలాం చెప్పి వెనుకకు తిరిగితే చివరి వరుసలో ఒంటరిగా మిగిలిన రకాతు పూర్తి చేస్తూ కనబడేవారు. అడిగితే, "ఆ తల్లి మూడు మైళ్ళు నడిచి వచ్చింది మౌలానా, మధ్యలో ఎట్లా లేవను?" అనేవారు. మేము కోపపడేవారము. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆ విషయంలో మా మాటే సరైనదని ఇప్పటికీ అనుకుంటున్నాము.

జనాజా నమాజుకు వరుసలు కట్టిన తరువాత హైదరాబాదు నుండి వచ్చిన పెద్ద కుమారుడు ముందుకు వచ్చి, తన తండ్రి ఎవరికైనా బాకీ ఉంటే తన దగ్గరకు రావలసిందిగా, ఆ బాకీ ఇకమీదట తనదని ప్రకటించాడు. మన ప్రాంతంలో ఇది వాడుకగా జరిగేదే. చాలామంది దీనిని ఒక ఆనవాయితీగా విని వదిలివేస్తారు. దీని మూలం సామాన్యమైనది కాదు. ఒకప్పుడు దైవప్రవక్త (స) ఎదుట జనాజా తెచ్చి పెట్టినప్పుడు ఆయన మొదట అడిగేది మృతునికి అప్పు ఉన్నదా అనే. అప్పు ఉండి, తీర్చటానికి ఏమీ వదలలేదని తెలిస్తే, మీ సోదరుని జనాజా మీరు చేసుకోండి అని తాను ప్రక్కకు తొలగేవారు. ఒకసారి అట్లాగే తొలగినప్పుడు హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తనమీద వేసుకున్నారు. ఒక ఉల్లేఖనంలో అది రెండు దీనార్లు, మరొక దానిలో మూడు. అప్పుడు గాని ఆయన (స) నమాజు చేయించలేదు. మరునాడు కనబడినప్పుడు ఆ దీనార్లు ఏమయ్యాయని అడిగారు కూడా. తరువాతి కాలంలో అల్లాహ్ సంపదను ప్రసాదించినప్పుడు, అప్పుతో మరణించినవారి భారం నాది అని ఆయనే ప్రకటించారు. రెండు మూడు దీనార్ల కోసం ఒక సహాబీ జనాజా ఆగింది. ఈ సంగతి తెలిసి కూడా మనం పచారీ కొట్టులో అరువును అప్పుగా లెక్కవేయము.

ఆ సాయంత్రానికి పదకొండు మంది వచ్చారు. నూనె మిల్లువారు, కోడిగ్రుడ్ల వ్యాపారి, చీటీ నడిపే ఆయన, ఇటువంటివారు. భాయీ తమకు ఎంత బాకీ ఉన్నదీ చెప్పి, కాగితాలు చూపి వెళ్ళారు. వారిని మేము తప్పుపట్టటం లేదు, పిలిచినందుకే వచ్చారు. ఆ వేళ మాకు తోచిన సంగతి వేరు. ఆయనకు బాకీ ఉన్నవారు ఎవరూ రాలేదు. రోడ్డు మీద వందలమంది కన్నీరు పెట్టుకున్నారు, ఒక్కరు కూడా "నేను ఇంత ఇవ్వాలి నాయనా" అని ఆ పిల్లవాని దగ్గరకు రాలేదు. ఆ వందలమందిలో మేము కూడా ఉన్నాము.

అదే సమయంలో లోపలి గదిలో మరొకటి జరిగింది. మయ్యిత్‌ను లేపటానికి ముందు ఒక పెద్దావిడ భాభీగారి చేయి పట్టుకొని, "మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా" అన్నారట. ఏడుస్తున్న ఆ ఇల్లాలు తల ఊపారట. ఆ మాట ఆవరణలో ఉన్న మా చెవిని పడింది. అంతా విని మేము ఊరకే నిలబడ్డాము. ఇరవై ఏడేళ్ళుగా నికాహ్‌లు చదివిస్తున్నాము, మహర్ స్త్రీ హక్కు అని ప్రతి నికాహ్‌లో చెబుతున్నాము. సూరా నిసా ఆరంభంలోనే అల్లాహ్ మహర్‌ను సంతోషంగా ఇవ్వమన్నాడు, స్త్రీ తన మనస్ఫూర్తిగా దానిలో ఏదైనా వదులుకుంటేనే దానిని అనుభవించవచ్చునన్నాడు. భర్త శవం ఎదుట, పదిమంది చూపుల మధ్య, ఊపిన తలలో మనస్ఫూర్తి ఎంత ఉంటుంది? చెల్లించని మహర్ భర్త మీద అప్పు. ఆమె కూడా అప్పు ఇచ్చినవారిలో ఒకరు. పదకొండు మందిని కూర్చోబెట్టి లెక్క అడిగిన మనం పన్నెండవ వ్యక్తిని మాత్రం గోడ అవతలే మాఫ్ చేయమన్నాము.

వారం తరువాత పెద్ద కుమారుడు మమ్మల్ని పిలిపించాడు. గల్లాపెట్టె క్రింద గుడ్డ అట్టల పుస్తకాలు నాలుగు ఉన్నాయి. చిట్టా ఒకటి, మిగిలినవి ఆవర్జాలు. "మౌలానా, ఇవి నాకు చదవటం రావటం లేదు" అన్నాడు. అతడు చదువుకున్నవాడు, కంపెనీలో లెక్కలు చూచే ఉద్యోగం. అక్షరాలు తెలుగే. అయినా అతనికి చదవటం రాకపోవటంలో వింత లేదు. పుస్తకం తెరచి మేమూ విస్తుపోయాము. భాయీ మనుషుల పేర్లు వ్రాయలేదు. తాను వారిని ఎట్లా ఎరుగునో అట్లా వ్రాసుకున్నారు. "వేపచెట్టు అవ్వ, ఉప్పు, పప్పు, 112." "కొత్త కోడలు, శనగపిండి." "గిత్త అమ్మినాయన, మొత్తం పాతది 2,300." "నవ్వే డ్రైవరు." "చిన్న హాఫిజ్ గారి వాళ్ళమ్మ." కొత్త కోడలు అన్న పద్దుకు పదేళ్ళ వయస్సు ఉంది. ఆ కోడలికి ఇప్పుడు ఎందరు పిల్లలో!

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్న పొడవైన ఆయతు సూరా బఖరాలోని 282వది. అది నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు, అప్పును వ్రాసుకోవటం గురించి. చిన్నదైనా పెద్దదైనా, గడువుతో సహా వ్రాసుకొమ్మని, వ్రాయటానికి బద్ధకించవద్దని, సాక్షులను పెట్టుకొమ్మని అల్లాహ్ ఆదేశించాడు. భాయీ వ్రాశారు, అందులో సందేహం లేదు, ఒక్కరోజు కూడా మానలేదు. అయితే ఆయన తప్ప మరొకరు చదవలేని విధంగా వ్రాశారు. తాను పోతానని అనుకోలేదు కాబోలు. కలివిడి మనిషి పుస్తకం అట్లాగే ఉంటుందేమో. ఎదుటివాని ఇంటిపేరు అడిగితే పరాయివానిగా చూచినట్లవుతుందని మొగమాటం. ఆ మొగమాటం ఖర్చు ఇప్పుడు పిల్లలు కడుతున్నారు.

ఆ పుస్తకం చదవటానికి మార్గం ఒకటే దొరికింది. ఇరవై ఏళ్ళుగా రోజూ సాయంత్రం ఆ బల్ల మీద కూర్చునే ఒక పెద్దాయన ఉన్నారు. హిందువు, ఐదెకరాల రైతు, చూపు మందగించింది. మేము ఒక్కొక్క పద్దు చదువుతుంటే ఆయన కళ్ళు మూసుకొని విని, "ఆ, ఆమె మా దక్షిణపు బజారు", "అతను పోయాడు, కొడుకు నరసరావుపేటలో ఉన్నాడు", "వీడు ఎగవేస్తాడు, ఆ సంగతి సాయిబుకూ తెలుసు" అని చెప్పుకుపోయేవారు. నాలుగు సాయంత్రాలు పట్టింది. మగ్రిబ్‌కు లేచి వెళ్ళి తిరిగి వచ్చి కూర్చునేవారము. అల్లాహ్ ఆయతులో సాక్షిని పెట్టుకొమ్మన్నది ఎందుకో ఆ నాలుగు సాయంత్రాలలో మాకు తెలిసినంతగా ఎనిమిదేళ్ళ మదరసా చదువులో తెలియలేదు.

మూడవ సాయంత్రం మేము చదువుతూ ఆగిపోయాము. ఆ పుట మీద "మదరసా" అని ఉంది.

2020 మార్చిలో దేశమంతా లాక్‌డౌన్ విధించినప్పుడు మా మదరసాలో ముప్ఫై ఒక్కమంది పిల్లలు చిక్కుబడ్డారు. షాబాన్ నెల వస్తోంది, వార్షిక పరీక్షలు కాగానే ఇళ్ళకు వెళ్ళవలసిన పిల్లలు. ప్రకాశం, కర్నూలు జిల్లాల గ్రామాలవారు. బస్సులు లేవు, చందాలు లేవు, జుమా లేదు. అటువంటి రోజులలో భాయీ బియ్యం, పప్పు, నూనె బండి మీద వేయించి పంపారు. ఒకసారి కాదు, బస్సులు తిరిగి నడిచేవరకు పంపారు. డబ్బు సంగతి ఎత్తితే, "తరువాత చూచుకుందాం మౌలానా, ముందు పిల్లలు తిననివ్వండి" అన్నారు. ఆ మాటను మేము సదఖాగా భావించాము. ఆ సంవత్సరం పిల్లల చేత ఆయన కోసం దువా కూడా చేయించాము. తరువాత మళ్ళీ ఆ సంగతి మేము ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

పుస్తకంలో మొత్తం 18,640 రూపాయలు.

ఇది కమిటీ ముందు పెట్టినప్పుడు ఒకరిద్దరు, "భాయీ మనసు మనకు తెలియదా, అది అల్లాహ్ మార్గంలో ఇచ్చినదే అయి ఉంటుంది" అన్నారు. మాకూ అట్లా అనుకోవాలనే ఉంది, ఎందుకంటే ఆ సమయంలో మదరసా పెట్టెలో అంత సొమ్ము లేదు. అయితే అదే పుస్తకం చివర నాలుగైదు పుటలు వేరుగా ఉన్నాయి. పైన "లిల్లాహ్" అని వ్రాసి, క్రింద సరుకులు మాత్రమే వ్రాశారు. ఎవరికి ఇచ్చినదీ లేదు. ఊరివారికి చదవరాని ఆనవాళ్ళు సైతం అక్కడ లేవు. అంటే ఆయనకు దానమేదో అరువేదో స్పష్టంగా తెలుసు. దానంగా ఇచ్చినదానిని తన పుస్తకం నుండి కూడా దాచిపెట్టారు. మదరసా పద్దు ఆ పుటలలో లేదు. అరువు పుటలలో, గిత్త అమ్మినాయనకు గిత్త అమ్మిన మరుసటి పుటలో ఉంది. "తరువాత" అన్న మాటకు ఆయన ఉద్దేశించిన అర్థం తరువాత అనే. మేము మా సౌకర్యం కొద్దీ దానిని "అక్కరలేదు" అని విన్నాము. ఊరిలో ఎంతమంది అట్లా విన్నారో ఆ నాలుగు పుస్తకాలే చెబుతాయి.

సొమ్ము రెండు విడతలుగా కట్టాము. ఈ మాట పుణ్యం కోసం వ్రాయటం లేదు. స్తోమత ఉన్నవాడు బాకీని జాప్యం చేయటం దౌర్జన్యమని హదీసు. మేము పిల్లలకు బోధించే పుస్తకంలోనే ఉంది.

ఇక్కడ వ్యాపారపు మర్మం కొంత చెప్పవలసి ఉంది. మా ప్రాంతంలో పచారీ కొట్టు మిర్చి పంట మీద నడుస్తుంది. వర్షాలు పడి నారు నాటినప్పటి నుండి రైతు, కౌలుదారు, కోతకూలీ అందరూ అరువు మీద సరుకు తీసుకుంటారు. పంట కోసి, కల్లంలో ఎండబెట్టి, గుంటూరు యార్డులో అమ్మి డబ్బు చేతికి వచ్చేసరికి ఫిబ్రవరి, మార్చి దాటుతుంది. గుంటూరులో భాయీకి సరుకు వేసే టోకు వ్యాపారి మాత్రం అంతకాలం ఆగడు. నెల గడువు, మహా అయితే నెలన్నర. ముందు నెలన్నర గడువు, వెనుక ఎనిమిది నెలల అరువు. ఈ రెంటి మధ్య ఉన్న గోతిని భాయీ తన లాభంతో, చీటీపాటతో పూడ్చుకుంటూ వచ్చారు. 2021 చివరలో నల్ల తామరపురుగు వచ్చి ఆంధ్ర, తెలంగాణలలో మిర్చి తోటలను తినివేసింది. పూత నిలవలేదు. మా చుట్టుపక్కల కొందరు తోటలు దున్నివేశారు. ఆ సంవత్సరం ఆవర్జాలో జమ పుటలు తెల్లగా ఉన్నాయి.

దాని తరువాత మరొకటి వచ్చింది. ఊరిలో పెద్ద మార్టు తెరిచారు. చల్లగా ఉంటుంది, ఫోనుతో డబ్బు కట్టవచ్చు, ఒకటి కొంటే ఒకటి ఉచితం. తప్పులేదు, ఎవరి వ్యాపారం వారిది. అయితే మనవాళ్ళు చేతిలో డబ్బు ఉన్న వారం మార్టుకు, లేని వారం సాయిబుగారి కొట్టుకు వెళ్ళటం మొదలుపెట్టారు. ఆ కొట్టు ముందు నుండే మార్టు సంచులతో నడిచి వెళ్ళి, దారిలో "భాయీ, సలాం" అనేవారు. ఆయన లేచి నిలబడి సలాంకు జవాబు ఇచ్చేవారు.

ఒకరోజు మేము బల్ల మీద కూర్చుని ఉండగా టోకు వ్యాపారి దగ్గర నుండి ఫోను వచ్చింది. భాయీ "దారిలోనే ఉన్నాను, రేపు ఉదయం మీ దగ్గరే ఉంటాను" అన్నారు. దారిలో లేరు, కొట్టులోనే ఉన్నారు. మరునాడు వెళ్ళనూ లేదు. ఫోను పెట్టి మా వైపు చూడలేదు. దైవప్రవక్త (స) నమాజులో పాపం నుండి, అప్పు నుండి అల్లాహ్ శరణు వేడుకునేవారు. అప్పు నుండి ఇంతగా శరణు కోరుతారేమని ఒకరు అడిగితే, అప్పులో ఉన్నవాడు మాట్లాడితే అబద్ధమాడుతాడని, మాట ఇస్తే తప్పుతాడని సమాధానం ఇచ్చారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసును మేము ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. ఆ రోజు మా ఎదుటనే అది జరిగితే, భాయీ ఎందుకు అబద్ధమాడారని మాత్రమే ఆలోచించాము. ఆ అబద్ధంలో పద్దెనిమిది వేల ఆరువందల నలభై మాదని మాకు తెలియదు.

భాభీగారి గాజులు బ్యాంకులో ఉన్నాయని ఆయన పోయిన తరువాతే తెలిసింది. వడ్డీ మీద. వడ్డీ నిషిద్ధం, అందులో మినహాయింపు వెదకటం మా పని కాదు. ఆయనకూ తెలుసు. అందుకే ఊరిలోని ప్రతి ఇంటి సంగతి మాతో చెప్పిన మనిషి తన ఇంటి సంగతి చెప్పలేదు. భాభీగారు పరదా వెనుక నుండి అన్న మాట ఒకటి మాకు గుర్తుంది: "ఊరందరికీ కూర్చోవటానికి బల్ల వేయించారు మౌలానా. ఆయన వచ్చి కూర్చోవటానికి ఇంట్లో మంచం ఖాళీగా ఉండేది." ఫిర్యాదు చేస్తున్నట్లు అనలేదు. మేము జవాబు ఇవ్వలేకపోయాము.

మొత్తం అప్పు ఎంతని మొదట అడిగినప్పుడు పెద్ద కుమారుడు "లక్ష లోపే మౌలానా" అన్నాడు. నాలుగవ సాయంత్రం, అందరూ లేచి వెళ్ళాక, నాలుగు లక్షల డెబ్భై వేలు అన్నాడు. మాకు హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) గుర్తుకు వచ్చారు. స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరు. ప్రజలు ఆయనను నమ్మి సొమ్ము దాచుకోమని తెచ్చేవారు. అమానతుగా ఉంచుకుంటే పోయినప్పుడు యజమాని నష్టపోతాడని, దానిని అప్పుగా వ్రాయించుకునేవారు. అట్లా ఆయన మీద నిలిచిన అప్పు ఇరవై రెండు లక్షలు. జమల్ యుద్ధం నాడు కుమారుడు అబ్దుల్లాహ్ (రజి)ను పిలిచి, తన అప్పే తనకు పెద్ద చింత అని, అది తీర్చమని అప్పగించారు. తరువాత హకీమ్ బిన్ హిజామ్ (రజి) అప్పు ఎంతని అడిగితే, అబ్దుల్లాహ్ (రజి) కూడా మొదట లక్ష అనే చెప్పారు. అదే తీర్చలేరేమో అని ఆయన అన్నప్పుడు గాని అసలు మొత్తం బయటపెట్టలేదు. ఈ సంగతి సహీహ్ బుఖారీలో ఉంది. మేము ఆ పిల్లవానికి ఇది చెప్పాము. నీవు దాచినందుకు సిగ్గుపడవద్దు, నీకన్న ఎంతో గొప్ప కుమారుడు కూడా తండ్రి అప్పును ఒక్కసారిగా నోట పలకలేకపోయాడు అన్నాము. అతడు అప్పుడు ఏడ్చాడు. జనాజా రోజున ఏడవలేదు.

నలభయ్యవ రోజు దగ్గరపడినప్పుడు బంధువులలో కొందరు భోజనాలు పెట్టాలన్నారు. అంతమంది జనం వచ్చిన మనిషికి తక్కువ చేస్తే ఊరు ఏమనుకుంటుంది అని వారి బాధ. ఆ భోజనాలపై పండితుల అభిప్రాయాల జోలికి ఇక్కడ వెళ్ళము. కఫన్, దఫన్ ఖర్చుల తరువాత మృతుని సొమ్ములో మొదటి హక్కు అప్పులవారిది, ఆ తరువాత వసీయత్, ఆ తరువాతనే వారసులు. ఈ వరుసలో విందుకు స్థానం లేదు. కూర్చోబెట్టి చెప్పాము. ఒకాయన అలిగి వెళ్ళిపోయారు. వండించవలసిన బియ్యం కొట్టులోనే అమ్ముడుపోయింది. మహర్ సంగతి కూడా అదే రోజు ఎత్తాము. నిశ్చయించిన మహర్ పదకొండు వేల రూపాయలు, ముప్ఫై ఐదేళ్ళ క్రిందటి మాట. అప్పుల పట్టికలో దానిని కూడా చేర్చమన్నాము. భాభీగారు వద్దన్నారు. మేము వద్దనటానికి ఇప్పుడు తొందర లేదని, పట్టికలో ఉండనివ్వమని, సొమ్ము చేతికి వచ్చిన తరువాత ఏమి చేయాలో తమ ఇష్టమని చెప్పాము. పట్టికలో ఉంది.

టోకు వ్యాపారి గుంటూరు నుండి స్వయంగా వచ్చారు. హిందువు, ఇరవై ఏళ్ళ పరిచయం. బల్ల మీద కూర్చుని టీ త్రాగి, సగం ఆరు నెలలలో కావాలని, మిగిలినదానికి ఏడాది ఆగుతానని అన్నారు. వడ్డీ మాట ఎత్తలేదు. తగ్గించనూ లేదు. అది ఆయన న్యాయమైన హక్కు. ఇంటి వెనుక స్థలం అమ్మటానికి బేరం పెట్టారు.

చిన్న కుమారుడు కొట్టు తిరిగి తెరిచాడు. అన్న అతనికి కొత్త పుస్తకం కొని ఇచ్చాడు. అందులో పేరు, ఇంటిపేరు, ఫోను నంబరు, గడువు అని గడులు గీశాడు. మొదట్లో కొందరికి కష్టం కలిగింది, "మీ నాన్న ఇట్లా అడిగేవాడు కాదు" అన్నారు. పిల్లవాడు తండ్రిలాగానే నవ్వి, పేరు అడిగి వ్రాసుకున్నాడు. ఇఖామత్ వినబడగానే కాటా మీద ఏది ఉన్నా వదిలి రోడ్డు దాటుతున్నాడని కూడా చెప్పవలసి ఉంది.

పాత బాకీలలో సుమారు మూడవ వంతు వచ్చింది. వేపచెట్టు అవ్వ ఎవరో తెలిసింది, ఆమె మనవరాలు వచ్చి కట్టింది. కోతకు పోయే ఒకామె తన పేరు మీద ఉన్నదానికన్న అరవై రూపాయలు ఎక్కువ తెచ్చి, పుస్తకమే తప్పని వాదించింది. నిజంగా ఇవ్వలేనివారు కొందరు ఉన్నారు. కష్టంలో ఉన్నవానికి వెసులుబాటు వచ్చేవరకు గడువు ఇవ్వమని, వదలివేస్తే మరింత మేలని అదే సూరాలో అల్లాహ్ అన్నాడు. ప్రజలకు అరువిచ్చి, లేనివాని దగ్గర చూచీచూడనట్లు పొమ్మని తన పనివారికి చెప్పిన ఒక వర్తకుని అల్లాహ్ కూడా చూచీచూడనట్లు వదిలివేశాడని హదీసు. అయితే తండ్రి అప్పు తీరక ముందు ఆ వదలివేత వారసుల చేతిలో లేదు. అందువల్ల వారి పేర్లు వేరే కాగితం మీద ఉన్నాయి, ఎవరూ వారి గుమ్మం తొక్కటం లేదు. ఇవ్వగలిగి రానివారు మిగిలినవారు. వారిలో కొందరు మా వెనుక నమాజుకు నిలబడుతున్నారు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) మదీనా దగ్గరి గాబా భూమిని అమ్మి తండ్రి అప్పంతా తీర్చారు. నాలుగు లక్షలు రావలసిన ఒకరు వదులుకుంటానన్నా ఒప్పుకోలేదు. అప్పు తీరగానే వారసులు తమ వాటా అడిగారు. ఆయన పంచలేదు. నాలుగు సంవత్సరాలు హజ్ సమయంలో నిలబడి, తన తండ్రి దగ్గర రావలసినది ఉన్నవారెవరైనా ఉంటే రమ్మని ప్రకటించి, ఆ తరువాతనే పంచారు. ఇది విని మా భాయీ పెద్ద కుమారుడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "నేను నాలుగు మిర్చి పంటలు చూస్తాను మౌలానా. పంట అమ్మిన ప్రతి ఏడూ ఒక జుమాకు వచ్చి నిలబడి అడుగుతాను. మేము ఇవ్వవలసినవారినీ, మాకు ఇవ్వవలసినవారినీ" అన్నాడు. మొదటి పంట అయింది. వచ్చి నిలబడ్డాడు.

ఆ పెద్దాయన కూడా పోల్చలేకపోయిన పద్దులు ఇంకా ఇరవై రెండు ఉన్నాయి. వాటిలో ఒకటి ఇట్లా ఉంది: "ఎర్ర సైకిలు పిల్లవాడు, వాళ్ళ నాయనకు జ్వరం, బియ్యం, నూనె, 2 సార్లు." తేదీ 2009 ఆగస్టు. ఆ పిల్లవానికి ఇప్పుడు ముప్ఫై ఏళ్ళు ఉండవచ్చు, ఏ ఊరిలో ఉన్నాడో తెలియదు. ఈ మాసపత్రిక మా జిల్లాలో చాలా ఇళ్ళకు వెళుతుంది. ఆ సంవత్సరం తండ్రికి జ్వరంగా ఉన్నప్పుడు ఎర్ర సైకిలు మీద మా మసీదు ఎదుటి కొట్టుకు వచ్చినవారు దీనిని చదువుతున్నట్లయితే, కొట్టు ఫజర్ తరువాత తెరుస్తారు, ఇషా వరకు ఉంటుంది.